తీగ నోముకి ఉద్యాపన

కాళయుక్తి సంవత్సరం, భాద్రపద శుద్ధ దశమి, శుక్రవారం

మావారు గోదారి కాలవ లాకుల కచేరీ నుంచి పొద్దువాలి వచ్చారు. కాళ్ళు కడుక్కోకముందే కబురు. దొరగారికి వచ్చే పత్రికలో పడిందట — సముద్రం అడుగున తీగ పరిచారట. ఇంగ్లండు ఒడ్డున ఒక కొస, అమెరికా ఒడ్డున ఇంకో కొస. ఇటు మీటితే అటు పలుకుతుందట. ఓడకి వారాలు పట్టే దూరం...

"నీళ్ళలో నానిపోదుటండీ?" అన్నాను.

"పైన ఏదో చెట్టుపాలు పూసేరట. గట్టిపడిపోద్దట."

పొయ్యి దగ్గర సీతాలు చేతిలో గరిటె ఆగిపోయింది. నా మరదలు. తమ్ముడు రాఘవులు ఉగాది వెళ్ళాక కోరంగిలో ఓడెక్కాడు, బర్మా దేశంలో రంగం రేవుకి వెళ్ళే సరుకుకి గుమాస్తాగా. అప్పట్నుంచీ ఒక్క కబురు లేదు.

"రంగం దాకా కూడా వేస్తారాండీ, అన్నయ్యగారూ?"

"ఆయ్, వేస్తారమ్మా... ఎప్పటికో."

ఆ 'ఎప్పటికో' దానికి వినపడలేదు. నాకు వినపడింది.

శుద్ధ ద్వాదశి

పురోహితుడు గారు వచ్చారు. తీగ సంగతి చెప్పాను. "అశరీరవాణి మనకెప్పుడో ఉంది కదమ్మా" అన్నారు, చెయ్యి ఊపేసి. ఉంటే మంచిదే. మరి మా తమ్ముడి విషయంలో దానికి నోరెందుకు పెగలదు — నాలుక చివరిదాకా వచ్చింది. మజ్జిగ ఇచ్చి పంపించాను.

జరిగిపోయిన కథలు మనకి బోలెడు. జరగబోయే కథ ఒక్కటీ లేదు. ఎందుకు లేదూ?

పున్నమి

కథ ఒకటి తలలో కదులుతోంది. అన్నం వారుస్తుంటే కదులుతోంది. పేడ కలుపుతుంటే కదులుతోంది. మాట వెళ్ళే దారిన పులుసు వాసన ఎందుకు వెళ్ళదు? ఇక్కడ ఇంగువ పోపు వేస్తే రంగంలో రాఘవులు ముక్కు ఎగబీల్చాలి. అది కథలో పెట్టాలి.

మావారితో అంటే — "ఏమేవ్, నీ కథ వార్త కంటే ముందు పరిగెడుతోందే!"

పరిగెత్తదూ మరి? వార్తకి ఓడ కావాలి, దొర కావాలి, కచేరీ కావాలి. కథకి ఇవేవీ అక్కర్లేదు. మావారు తెచ్చే చిత్తు కాగితాల వెనక ఇంత చోటుంటే చాలు.

బహుళ తదియ, ఆదివారం. ఉండ్రాళ్ళ తద్ది

పేరమ్మగారి వసారాలో పేరంటం. నాన్న నాకు నాలుగక్షరాలు నేర్పిన పాపానికి వీధిలో నోము కథలన్నీ నా నోటి మీదే నడుస్తాయి. పాత కథ చదివాను. అందరికీ కంఠతా వచ్చిందే. చదవడం అయింది, వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు.

"ఇంకోటి చెప్పవే సూరమ్మా. కొత్తది" అన్నారు పేరమ్మగారు. ఆవిడ అడిగితే కాదనడం ఈ వీధిలో ఎవరి తరం?

చెప్పాను. "ఇంకెన్ని తరాలకో ఒక ఊళ్ళో..." అంటే ముందు కిసుక్కుమన్నారు. తరవాత నవ్వలేదు. ఆ కాలంలో ప్రతి ఇంట్లోనూ తులసికోట పక్కన ఒక తీగ కొస. గోదారి అడుగునా తీగలే, సముద్రం అడుగునా తీగలే, బీరపాదు అల్లుకున్నట్టు. తెరచాప లేకుండా నడిచే పడవలు. తోకచుక్క మీద కూడా మనుషులు — వాళ్ళు మన భూమిని చూసి 'ఏం కీడు మూడిందో' అని దణ్ణాలు పెట్టుకుంటుంటారు. ఇక్కడ అందరూ నవ్వారు.

ఆ ఊళ్ళో ఒక ఇల్లాలు. మొగుడు సముద్రం అవతల. అతనికి చెప్పాల్సిన కబురు కడుపులో పెరుగుతోంది. ఆవిడ తీగకి చెవి ఆనించి, ఒంటిపూట ఉప్పులేని అన్నం తింటూ, వింటూ కూర్చుంది...

ఒంటిపూట, ఉప్పులేని అన్నం — రుచికోసం వేసిన మాటలు. ఏడిపించడానికి. ఏడ్చారు కూడా. లోలోపల మురిసిపోయాను.

పిడుగు పడింది. పిల్లలు బెదిరి గొల్లుమన్నారు. "మిగతాది అట్లతద్దికి" అని లేచాను. అప్పుడు చూశాను — అందరి గుప్పిళ్ళలోనూ అక్షింతలు. పాత కథ అయ్యాక తలమీద వేసుకోవలసినవి, వేసుకోలేదు. నా కథ విని వేసుకున్నారు.

సీతాలు కళ్ళు మూసుకుని మరీ వేసుకుంది.

బహుళ పంచమి

సీతాలు చారు వద్దంది. వేవిళ్ళా అంటే ఆ రోజులు దాటాయి, ఏడో నెల వచ్చింది. రాఘవులు వెళ్ళేనాటికి దానికే తెలియదు, ఇక వాడికేం తెలుస్తుంది.

రాత్రికి అసలు కంచమే పెట్టుకోలేదు.

బహుళ షష్ఠి

అడిగేశాను.

"నోము పట్టేనండి, వదినగారూ."

"ఏ నోమే?"

"తీగ నోమండి. మీరు చెప్పిందేనండి. ఉప్పు లేకుండా, ఒంటిపూట. కబురు వినపడేదాకా."

అది నేను అల్లిన కథే పిచ్చిదానా, ఏ తాటాకులోనూ లేదు అన్నాను. తల ఊపింది. విన్నది. నమ్మలేదని కాదు, నమ్మి కూడా కదల్లేదు.

పేరమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. మీరైనా చెప్పండి, అది నోము కాదని. ఆవిడ తీరిగ్గా తమలపాకు ఈనె తీస్తూ — "అక్షింతలు పట్టుకుని విన్నాం కదే. విని వేసుకున్నాం. ఇక కాదంటే ఎలాగ?"

"నేను కట్టిన కథండీ అది!"

"ఏ నోము కథైనా ఎవరో ఒకావిడ కట్టిందే కదే సూరమ్మా. ఆవిడ పేరు మనకి తెలీదు, నీ పేరు తెలుసు. అంతేగా తేడా?"

చెంగు విదిలించి లేచాను. ఒళ్ళు మండిపోయింది.

"అయితే ఉద్యాపన ఏంటే?" అనడిగారు గుమ్మందాకా వచ్చి. "పట్టిన నోము తీర్చుకోకపోతే చుట్టుకుంటుంది. అది కూడా నువ్వే చెప్పాలి."

బహుళ అష్టమి

ఇంకా నయం. ఒక్క సీతాలే అనుకున్నాను. వీధి వీధంతా కూడింది. తీగ ఎక్కడ దొరుకుతుంది? బండారులంక నూలు తెచ్చారు. పేనారు, పసుపు రాశారు, తోరానికి వేసినట్టు ముడులు వేశారు. ఒక కొస రేవులో పడవలు కట్టే గుంజకి. రెండో కొసకి రాయి కట్టి గోదాట్లోకి. పోటుకి లాగుతోంది, పాటుకి వదులవుతోంది. ఆడవాళ్ళు నీళ్ళకొచ్చి దానికింత కుంకం పెట్టి వెళ్తున్నారు.

సీతాలు మెట్టు మీద కూర్చుని, నూలు చెవికి ఆనించుకుని... పొట్ట అడ్డం వస్తుంటే పక్కకి ఒరిగి.

"ఏం విందామనే?" అన్నాను.

"వినడానికి కాదండి. నేనో మాట చెప్పేనండి. ఆయనకి తెలీదు కదండీ."

లేచి వచ్చేశాను. పెరట్లో కొబ్బరి డొక్కల మాటున కూర్చుని ఏడ్చాను. వాడి కోసమా, దీని కోసమా, నా నోటి దురద కోసమా... అన్నిటికీ.

బహుళ నవమి

ఏడుపు చాలు. కథ నాది. ముగింపూ నాదే.

బహుళ దశమి

దాని గంజిలో ఒక పలుకు ఉప్పు కలిపాను. నాలుకకి తగలగానే గిన్నె కింద పెట్టేసింది. నావైపు చూసింది, అంతే. ఆ పూట అదీ పోయింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మంత్రసాని వచ్చి పొట్ట తడిమి, "పిల్ల ఎదగట్లేదండి, తల్లి కండ కరుగుతోంది" అని చెప్పి పోయింది. కబురొచ్చేదాకా ఆగే వేళ కాదు.

బహుళ ద్వాదశి

మావారు వచ్చి నన్ను దొడ్లోకి పిలిచారు. ఇంట్లో చెప్పే మాటలు దొడ్లోకి ఎందుకు వస్తాయో నాకు తెలుసు. కోరంగి నుంచి పడవవాళ్ళు చెప్పారట — ఉగాది తరవాత వెళ్ళిన ఓడల్లో ఒకటి గాలివానకి పగిలిపోయిందట. ఏ ఓడో తెలియదు. "మనదే అని ఎవరూ అనలేదు" అన్నారు. కాదని కూడా ఎవరూ అనలేదు కదా.

రాఘవులు. అమ్మ పోయేనాటికి పాలపళ్ళు ఊడలేదు వాడికి. నా చంకన పెరిగినవాడు. ఈత రాకపోతే నేనే గోదాట్లోకి తోశాను, నేర్చుకుంటాడని. నేర్చుకున్నాడు. కానీ గోదారి వేరు, సముద్రం వేరు.

సీతాలుకి చెప్పలేదు. అది నా మొహం చూసింది, పక్కకి తిరిగింది. దానికి తెలుసు.

అమావాస్య, గురువారం

తోకచుక్క. ఇన్నాళ్ళూ సన్నగా ఉండేది, ఇవాళ పడమట సగం ఆకాశం ఊడ్చేస్తోంది. ఊరంతా గోదారి గట్టు మీదే. పేరమ్మగారు లెంపలు వేసుకుంటున్నారు. ఎవరో మురమళ్ళ వీరేశ్వరస్వామికి మొక్కుకుంటున్నారు. మావారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని — "దొర దుర్భిణి పెట్టి చూసేడే. దాని దారి దానికుందట. సూర్యుడి చుట్టూ తిరిగి పోతదట. మన కోసం రాలేదట. మన మీద కోపమూ లేదట."

కోపం లేదంటే ఊరట కలగాలి. నాకెందుకో దిగులేసింది. మనల్ని ఎరగనే ఎరగదు... అయినా దాని మీద మనుషుల్ని పెట్టి తీరతాను నా కథలో. వాళ్ళయినా మనల్ని చూస్తారు.

సీతాలు చుక్కవంక చూడలేదు. రేవు వంకే చూస్తోంది. చెంపలు లోపలికి పోయాయి.

ఆశ్వయుజ శుద్ధ తదియ

ముగింపు ఒకటి రాశాను. తీగలో మొగుడి గొంతు వినిపించింది, సుఖాంతం. చదువుకున్నాను. పొయ్యిలో పెట్టాను. వాడు రాకపోతే నేనే దాన్ని రెండోసారి చంపినదాన్నవుతాను.

ఇంకొకటి రాశాను. వినపడలేదు, ఆశ వదులుకుంది. అదీ పొయ్యిలోకే. అంత హక్కు నాకెక్కడిది?

శుద్ధ అష్టమి

మావారు నవ్వుకుంటూ వచ్చారు. కచేరీలో అంతా నవ్వుతున్నారట. సముద్రం తీగ మూగబోయిందట! మొదట్లో రాణిగారి మాటలు మోసిందట, బాణసంచా కాల్చారట, ఊరేగింపులట. తరవాత తరవాత నసిగిందట. ఇప్పుడు ఉలుకూ లేదు, పలుకూ లేదు. "దొరల గొప్పలు గంగపాలు" అని ఒక గుమాస్తా గారి చమత్కారం.

నేను నవ్వలేదు. "మరి ఇప్పుడేం చేస్తారట?"

"ఏం చేస్తారు? మళ్ళీ వేస్తారట. ఎక్కడ చెడిందో వెతుకుతున్నారట. వదిలే రకం కాదుగా."

మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ వేస్తారట. రెండోసారి చెప్పేటప్పటికి మావారు కూడా నవ్వడం మానేశారు. నా మొహంలో ఏం కనిపించిందో.

శుద్ధ నవమి

దొరికింది.

విజయదశమి

కంపెనీ పోయి రాణిగారి ఏలుబడి వస్తుందని వీధిలో పుకారు. రానీ. పిండివంటలు చేశాను. సీతాలుకి ఉప్పులేని ముద్దే. గాలి ఇంకా తిరగలేదు. అది తిరిగితే గాని రంగం ఓడలు ఇటు రావు. తోకచుక్క కిందికి జారి పల్చబడింది.

పున్నమి

రాసింది మావారికి చదివి వినిపించాను. కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో మీ తమ్ముడు వచ్చినట్టా, రానట్టా?" అన్నారు చివరికి.

"నాకు తెలీదండీ."

"తెలీకుండా కథ ముగుస్తుందా?"

ముగించాలి. తెలిసినవాటితోనే కథలు ముగించాలంటే నోళ్ళు కట్టేసుకుని కూర్చోవాలి.

బహుళ తదియ, సోమవారం. అట్లతద్ది

తెల్లవారకుండా లేచి అందరూ చద్దన్నం, గోంగూర తిన్నారు. సీతాలు అదీ తినలేదు. పగలంతా ఉపవాసం సరే, దానికి నెల్లాళ్ళుగా ఉపవాసమే. నడుస్తుంటే గోడ పట్టుకుంటోంది.

సాయంత్రం పేరమ్మగారి వసారా. అక్షింతలు పంచారు. సీతాలు ఎదురుగా కూర్చుంది, గుప్పిట బిగించి.

చెప్పాను. ఆ ఇల్లాలు వింటూనే ఉంది, వింటూనే ఉంది. ఒకనాడు తీగ మూగబోయింది. ఊరంతా నవ్వింది. 'తీగా లేదు, గీగా లేదు, పోయి నీ పని చూసుకో' అంది. అప్పుడామెకి తెలిసింది — పలకనిది అవతలి మనిషి కాదు, తీగ. మధ్యలో ఎక్కడో తెగింది. తెగినదాన్ని చెవి పెట్టి వింటూ కూర్చుంటే అతుక్కోదు. ఎవరో ఒకరు లేచి, కొస పట్టుకుని, పైకి లాగి, ముడి వెయ్యాలి. అది సముద్రపు తీగ. గడ్డిపరకలాంటి చేతులతో లేస్తుందా? ఆమె ఇంటికి వెళ్ళింది. ఎసట్లో ఉప్పు వేసింది. నలుగురికి వండిపెట్టింది. నలుగురితో కూర్చుని కడుపునిండా తిన్నది. తిని లేచి రేవుకి వెళ్ళింది, తీగ లాగడానికి. అదే దీనికి ఉద్యాపన అన్నాను.

ఎవరూ లేవకముందే సీతాలు అడిగింది.

"లాగేక, వదినగారూ... అటు కొసన మనిషి ఉన్నారాండీ?"

ఈ మాట అడుగుతుందని తెలుసు. రాత్రుళ్ళు జవాబులు కట్టుకున్నాను. అవన్నీ వదిలేశాను.

"ఆమెకి తెలీదు తల్లీ. నాకూ తెలీదు. తెలిస్తే నీకు చెప్పనా?" అన్నాను. ఏడుపు ఆగలేదు, అందరి ముందే. "వాడు నా తమ్ముడే."

పేరమ్మగారు ముక్కు తుడుచుకుని, "సరే, ఫలశ్రుతి చెప్పు. అది లేకుండా అక్షింతలు వేసుకోకూడదు" అన్నారు. ఫలశ్రుతి! నెల్లాళ్ళు రాసిన బుర్రకి అది తట్టనే లేదు. అందరూ గుప్పిళ్ళు ఎత్తి నావంకే చూస్తున్నారు.

"ఈ కథ విన్నవాళ్ళకి ఆకలి వేస్తుంది" అన్నాను.

ఎవరో ఫక్కుమన్నారు. పేరమ్మగారు ముందుగా తలమీద వేసుకున్నారు. అందరూ వేసుకున్నారు. సీతాలు వేసుకోలేదు.

చంద్రోదయం అయింది. అట్లు వడ్డించాను. దాని ఆకులో మూడట్లు, బెల్లంపాకం, పక్కన ఉప్పు వేసిన పచ్చడి. చాలాసేపు చూసింది. నేను అట్ల గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎడమ చేతిలో అక్షింతలు కొంగు చివర మూట కట్టుకుంది. కుడి చేత్తో తుంపింది. పచ్చడి అద్దుకుంది.

"మిగతా కథ అయ్యేక వేసుకుంటానండి" అంది, నములుతూ.

బహుళ చవితి

రెండు పూటలా తిన్నది. మజ్జిగలో ఉప్పు తనే అడిగి వేయించుకుంది.

పొద్దున్నే రేవులో నూలు పైకి లాగుతోంది. రాయి ఎక్కడో ఊడిపోయింది, కొస చివికిపోయింది. "వట్టి నూలు ఆగదండి. కొబ్బరి పీచు కలిపి పేనాలండి" అంది. నన్నో కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. పేరమ్మగారు మెట్ల మీంచి, ఇంకొంచెం బిగించండే అని కేకలు.

బహుళ షష్ఠి

గాలి తిరిగింది. ఈశాన్యం. కొబ్బరాకులన్నీ ఇవాళ అటునుంచి ఇటు వాలుతున్నాయి.

మావారు తెల్లారకట్టే పడవెక్కి కోరంగి వెళ్ళారు. రంగం ఓడలు వస్తే ఎవర్నో ఒకర్ని అడిగి వస్తానని. వెళ్ళేముందు నాతో — "ఏది విన్నా అదే చెబుతాను. మార్చి చెప్పడం నాకు రాదు."

మార్చొద్దనే అన్నాను.

బహుళ అష్టమి

మావారు ఇంకా రాలేదు. కందిపచ్చడి నూరాను. సీతాలు మారు వడ్డించుకుంది. లోపల బిడ్డ తన్నిందని నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. గట్టిగానే తన్నింది. మేనత్త పోలికే.

ఇది రాస్తుండగా రేవులో కేక. పడవ. పడవ నడిపే సరంగు గొంతు కాదు, మావారిది. నా పేరు పిలుస్తున్నారో, దాని పేరు పిలుస్తున్నారో, గాలికి తెలియడం లేదు. సీతాలు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది. ఆ చెయ్యి కొంగున అక్షింతల మూట మీద ఉంది. నేనూ లేస్తున్నా...